హన్మకొండలో ఆరు ఆదివారాల తరగతి: అమెరికా అప్పీలు కోర్టులు శిక్షలను ఎలా పరిశీలిస్తాయి

అదాలత్ సెంటర్‌కు దగ్గర్లో న్యాయవిద్యార్థులకు పాఠాలు చెప్పే ఒక చిన్న శిక్షణ కేంద్రం, క్రిమినల్ కేసుల్లో విధించిన శిక్షలను అమెరికా ఫెడరల్ (కేంద్ర) అప్పీలు కోర్టులు ఏ పద్ధతిలో సమీక్షిస్తాయన్న అంశంపై ఆరు ఆదివారాలు నడిపిన తరగతికి ఈ మధ్యే హాజరయ్యాను. రుసుము 2,500 రూపాయలు. ఎల్‌ఎల్‌ఎం కోసం అమెరికా వెళ్లే పిల్లలను ఉద్దేశించి పెట్టిన తరగతే అయినా, పదకొండేళ్లుగా సెషన్స్ కోర్టులో ముద్దాయిల తరఫున వాదిస్తున్న నాకు అది అంతకంటే ఎక్కువగా ఉపయోగపడింది.

బోధించిన మేడమ్ సిద్ధాంతాలతో మొదలుపెట్టలేదు. 1987 నవంబరు 1న అమల్లోకి వచ్చిన ఫెడరల్ శిక్షా మార్గదర్శకాల పట్టికను చేతికిచ్చి, ఒక ఊహాజనిత మాదకద్రవ్యాల కేసుకు శిక్ష లెక్క కట్టమన్నారు. పట్టికలో నేర తీవ్రతకు 43 స్థాయిలు, పాత నేరచరిత్రకు 6 వర్గాలు ఉంటాయి. రెండూ కలిసే గడిలో ఎన్ని నెలల నుంచి ఎన్ని నెలల వరకు అన్నది కనిపిస్తుంది. మొదటి వర్గంలో 26వ స్థాయికి 63 నుంచి 78 నెలలు ఉంటే, నేను పొరపాటున 28వ స్థాయి చూసి 78 నుంచి 97 నెలలు రాశాను. అప్పీలు కోర్టు అన్నిటికంటే ముందు ఈ లెక్కనే ఎందుకు తడిమి చూస్తుందో ఆ ఒక్క పొరపాటుతో అర్థమైంది.

మూడో వారం తరగతికే రుసుమంతా ఇవ్వవచ్చు. మార్గదర్శకాలు జడ్జిని కట్టిపడేయవని, అవి సలహా మాత్రమేనని 2005లో బుకర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచి అప్పీలులో చూడవలసింది శిక్ష సహేతుకమా కాదా అన్నదే. 2007 నాటి గాల్ కేసులో పట్టిక ప్రకారం 30 నుంచి 37 నెలల జైలు రావలసిన వ్యక్తికి, విద్యార్థిగా ఉన్నప్పుడు ఎక్స్‌టసీ అనే మత్తుమందు అమ్మే ముఠాలో చేరినా తనంతట తానే బయటపడి కష్టపడి బతుకుతున్నాడన్న కారణంతో, ట్రయల్ జడ్జి జైలుకు పంపకుండా 36 నెలల ప్రొబేషన్ (షరతులతో పర్యవేక్షణ) ఇచ్చారు. 8వ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది, సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో మళ్లీ నిలబెట్టింది. లెక్క తప్పడం, చట్టం చూడమన్న అంశాలను చూడకపోవడం, కారణాలు చెప్పకపోవడం వంటి విధానపరమైన లోపాలను అప్పీలు కోర్టు ముందు వెతకాలి. అవి లేకపోతేనే శిక్ష పరిమాణం జోలికి వెళ్లాలి, అక్కడ కూడా తానైతే మరో శిక్ష వేసేదాన్నన్న అభిప్రాయం ఒక్కటే చాలదు. మమ్మల్ని రెండు జట్లుగా విడదీసి ఈ కేసును మళ్లీ వాదింపజేయడం వల్ల ఈ తేడా మనసులో నాటుకుపోయింది.

ట్రయల్‌లో అభ్యంతరం చెప్పని పొరపాట్ల గురించిన పాఠాన్ని మాత్రం నలభై నిమిషాల్లో ముగించడం నాకు నచ్చలేదు. వకీళ్లకు అన్నిటికంటే అవసరమైనది అదే. 2018 నాటి రోసాలెస్–మిరెలెస్ కేసులో ఒక పాత శిక్షను రెండుసార్లు లెక్కించడంతో 70–87 నెలలు రావలసిన చోట 77–96 వచ్చింది, కింది కోర్టులో ఎవరూ గమనించలేదు, ముద్దాయికి 78 నెలలు పడింది. ఇలాంటి స్పష్టమైన పొరపాటును సాధారణంగా సరిదిద్దాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసును నేను ఇంటి దగ్గర సొంతంగా చదువుకోవాల్సి వచ్చింది.

మన చట్టంతో పోలికకు చివరి వారంలో అరగంటే మిగిలింది. మనకు అలాంటి పట్టిక లేదు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 258(2) సెక్షన్ శిక్షపై ముద్దాయి మాట వినమంటుంది. నేను చూసిన ఎన్నో కేసుల్లో దోషి అని చెప్పిన రోజే ఆ ప్రశ్న అడగడం, "పిల్లలు చిన్నోళ్లు సారూ, దయ చూపండి" అన్న ఒక్క మాట రికార్డుకెక్కడంతో ఆ ఘట్టం ముగిసిపోయింది. తర్వాత హైకోర్టులో శిక్ష తగ్గించమని అడిగేటప్పుడు పట్టుకోవడానికి ఆధారమే ఉండదు. తరగతి ముగిసిన నెలలోనే ఒక కేసులో ముద్దాయి వయసు, కుటుంబ స్థితి, రిమాండులో గడిపిన రోజులు వివరిస్తూ శిక్షపై నాలుగు పేజీల లిఖితపూర్వక వాదన దాఖలు చేశాను. జడ్జిగారు దాన్ని తీర్పులో ప్రస్తావించారు.

నోట్సు ఇంగ్లీషులోనే ఉంది, జిరాక్సు కాగితాల్లో కొన్ని మసకబారాయి. వచ్చే బ్యాచ్‌లో ఈ పోలికకు ఒక ఆదివారం పూర్తిగా కేటాయించమని కోరాను, మేడమ్ ఒప్పుకున్నారు.