తైపీలో ఇంటర్న్‌షిప్: ఉన్న రూములు, తిన్న తిండి, తిరిగిన చోట్లు

తైవాన్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది, వెళ్లొచ్చా, చైనీస్ రాకుండా నెట్టుకురాగలమా, మాంసం తినని వాళ్లకి తిండి దొరుకుతుందా అని మా కాలేజీ జూనియర్లు అడుగుతూనే ఉన్నారు, అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. నేను 2024లో జూన్ నుంచి ఆగస్టు దాకా తైపీలో ఉన్నా. అక్కడి విద్యాశాఖ నడిపే టీప్ అనే ప్రోగ్రామ్ ద్వారా ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరా, ఆ ల్యాబ్‌తో కలిసి పనిచేసే ఒక చిన్న కంపెనీ నెయ్‌హు టెక్ పార్క్‌లో ఉంది, వారంలో సగం రోజులు అక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తైపీ నాలుగు రోజుల టూర్‌లో అర్థమయ్యే ఊరు కాదు, ఒక పేటలో రూమ్ తీసుకుని కొన్నాళ్లు ఉండాలి. అందుకే డబ్బులు టికెట్ల మీద కాకుండా ఉండే చోటు మీద పెట్టమంటా.

వీసా సంగతి: మనకీ తైవాన్‌కీ అధికారికంగా దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఎంబసీ అనేది ఉండదు, దాని పని తైపీ ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ చేస్తుంది. మన తెలుగు రాష్ట్రాల వాళ్లు చెన్నైలో ఉన్న సెంటర్‌కి వెళ్లాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే పెద్ద ఇబ్బందేం లేదు, కాకపోతే యూనివర్సిటీ నుంచి వచ్చే ఇన్విటేషన్ లెటర్ ఆలస్యమైతే మిగతావన్నీ ఆలస్యమైపోతాయి, దాని కోసం ముందు నుంచే వెంటపడండి.

నేను బ్యాంకాక్ మీదుగా వెళ్లా. తావోయువాన్ ఎయిర్‌పోర్ట్ ఊరికి దూరం, కానీ టాక్సీ అవసరమే లేదు, కింద నుంచే మెట్రో ఉంది, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంచుమించు 35 నిమిషాల్లో తైపీ మెయిన్ స్టేషన్, టికెట్ 150 తైవాన్ డాలర్లు. నేనున్నప్పుడు ఒక తైవాన్ డాలర్ అంటే మన రెండున్నర రూపాయల పైమాటే. దిగగానే ఈజీకార్డ్ కొనుక్కోండి, మెట్రో బస్సు సైకిల్ కిరాణా అన్నిటికీ అదే కార్డ్. నెల పైన ఉండేవాళ్లయితే టీపాస్ తప్పనిసరిగా తీసుకోండి, 1200 డాలర్లు కడితే 30 రోజుల పాటు తైపీ, న్యూ తైపీ, కీలుంగ్, తావోయువాన్ నాలుగింటిలోనూ మెట్రో, సిటీ బస్సులు, లోకల్ రైళ్లు, ఆఖరికి ఎయిర్‌పోర్ట్ మెట్రో కూడా అందులోనే. స్టూడెంట్‌కి ఇంతకంటే మంచి సర్వీసు నేనెక్కడా చూళ్లేదు, ఎందుకంటే పాస్ చేతిలో ఉంటే ఈ సాయంత్రం ఎటు పోదాం, ఎంతవుతుంది అనే లెక్కే ఉండదు, రైలెక్కి చివరి స్టేషన్ దాకా పోయి చూసి రావడమే. మెట్రోలో మాత్రం తినకూడదు, తాగకూడదు, మంచినీళ్లు కూడా కుదరదు, ఫైన్ 1500 నుంచి 7500 దాకా ఉంటుంది. అనౌన్స్‌మెంట్లు మాండరిన్, తైవానీస్, హక్కా, ఇంగ్లీష్ నాలుగు భాషల్లో వస్తాయి, స్టేషన్ పేర్లు ఇంగ్లీష్‌లో కూడా రాసుంటాయి, తప్పిపోవడమనేది జరగదు.

ఇక రూములు. మొదటి రెండు వారాలు మెయిన్ స్టేషన్ దగ్గర ఒక హాస్టల్‌లో ఉన్నా, పేరు రాయను, ఒకదాని మీద ఒకటి పెట్టెల్లాంటి పడకలు, శుభ్రంగా ఉంది, లాకర్ బాగుంది, కానీ కిటికీ లేదు, పగలో రాత్రో తెలియదు, రెండు మూడు రోజులు ఊరు చూసి పోయేవాళ్లకి సరిపోతుంది కానీ రోజూ పొద్దున్నే లేచి ఆఫీసుకి పోయేవాళ్లకి వద్దు. తర్వాత యూనివర్సిటీ డార్మ్‌లో చోటు దొరికింది, నలుగురికి ఒక గది, ఏసీకి విడిగా కార్డ్ రీఛార్జ్ చేసుకోవాలి, జులైలో ఉక్కపోత ఎంతలా ఉంటుందంటే ఆ కార్డ్ అయిపోతే అర్ధరాత్రి కూడా లేచి రీఛార్జ్ చేసుకోవాల్సిందే. అయినా నా ఓటు డార్మ్‌కే, చవక, పక్కనే లైబ్రరీ, కింద తోడుగా మనుషులు. బయట తీసుకునేవాళ్లకి రెండు రకాలు దొరుకుతాయి, బాత్రూమ్ గదిలోనే ఉండేవి, బాత్రూమ్ నలుగురితో పంచుకునేవి. మేడ మీద రేకులేసి కట్టిన గదులు కూడా అద్దెకి ఇస్తారు, చవగ్గా వస్తాయి కానీ ఆ ఎండలో పగలు లోపల కూర్చోలేం. చాలా గదుల్లో వంటగది ఉండదు, పొయ్యి పెట్టనివ్వరు, అడ్వాన్స్ రెండు నెలల అద్దె అడుగుతారు. మెట్రోకి నడిచి పోయేంత దగ్గర, వీధి చివర శాకాహార బఫే, ఈ రెండూ ఉంటే గది చిన్నదైనా తీసుకోండి.

వంట గురించి చెప్పాలంటే దాతుంగ్ కుక్కర్ గురించి చెప్పాలి. 1960 నుంచి తయారవుతున్న ఎలక్ట్రిక్ కుక్కర్, అక్కడ అది లేని ఇల్లు అరుదు, బయటి గిన్నెలో నీళ్లు పోసి మీట నొక్కితే ఆవిరితో ఉడికిస్తుంది, నీళ్లు ఇగిరిపోగానే మీట దానంతట అదే పైకి లేస్తుంది. మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న నెల్లూరు అక్క తన పాతది నాకిచ్చింది, డార్మ్ కామన్ రూమ్‌లో దాన్లోనే అన్నం, పప్పు, ఆదివారం ఇడ్లీ కూడా. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి, చింతపండు తెచ్చుకుంటే చాలు, బియ్యం కూరగాయలు అక్కడ బ్రహ్మాండంగా ఉంటాయి.

బయట తిండి విషయంలో నాకున్న భయం మొదటి వారంలోనే పోయింది. అక్కడ బౌద్ధ సంప్రదాయం వల్ల శాకాహారం పాత అలవాటే, సూ-షి (శాకాహారం అని అర్థం, జపాన్ సుషీ కాదు) అని బోర్డు ఉన్న హోటళ్లు దాదాపు ప్రతి పేటలో ఉంటాయి, కొన్నిటి మీద మన స్వస్తిక్ గుర్తే ఉంటుంది. ప్లేటు పట్టుకుని ఆకుకూరలు, వంకాయ, గుమ్మడి, పుట్టగొడుగులు, పది రకాల టోఫు ఎవరికి కావల్సింది వాళ్లు వేసుకుంటే తూకం వేసి డబ్బులు చెప్తారు, నాకు సాధారణంగా వంద డాలర్లు దాటేది కాదు. మాట రాకపోయినా నడుస్తుంది, కావల్సింది కంటికి కనబడుతుంది కదా. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ల మీద కూడా శాకాహారాన్ని ఐదు రకాలుగా విడదీసి రాస్తారు, గుడ్డు ఉందా, పాలున్నాయా, ఉల్లి వెల్లుల్లి లాంటి ఘాటు దినుసులు ఉన్నాయా అని, ఆ ఘాటు దినుసుల జాబితాలో ఇంగువ కూడా ఉండటం నాకు భలే అనిపించింది. చాంద్రమానం ప్రకారం పాడ్యమికి, పౌర్ణమికి ఆ హోటళ్లలో జనం రెట్టింపు, ఆ రెండు రోజులు మాంసం మానేసేవాళ్లు చాలామంది ఉంటారట, మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. కారం మాత్రం ఉండదు, పొడి డబ్బా బ్యాగులో పెట్టుకోవడమే.

నైట్ మార్కెట్లలో షిలిన్ పెద్దది, పేరున్నది, కానీ నింగ్‌షియా నాకు ఎక్కువ నచ్చింది, చిన్న వీధి, చుట్టుపక్కల వాళ్లు కూడా రాత్రి భోజనానికి అక్కడికే వస్తారు. రావ్‌హె మార్కెట్ అందం వేరు, మొదట్లోనే త్సియో గుడి దీపాలతో వెలిగిపోతుంటుంది, అక్కడి మిరియాల బన్నుకి పెద్ద లైను, అందులో పంది మాంసం ఉంటుంది, చూసుకోండి. మాంసం తినని వాళ్లకి కాల్చిన పెద్ద పుట్టగొడుగులు, చిలగడదుంప ఉండలు, జామకాయలు, బొప్పాయి మిల్క్.

ఆఫీసు సంగతికొస్తే, పని నేర్పడంలో ఓపిక ఉన్న మనుషులు, మీటింగుల్లో మాండరిన్‌లో మాట్లాడుకుని ఆఖర్న నాకు ఇంగ్లీష్‌లో రెండు ముక్కల్లో చెప్పేవాళ్లు, ఆ రెండు ముక్కలు చాలవు, మీకు పని పూర్తిగా కావాలంటే మీటింగ్ అయ్యాక ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి, అడిగితే ఎవరూ విసుక్కోరు. మధ్యాహ్నం భోజనం అవగానే లైట్లు ఆర్పేస్తారు, అందరూ డెస్క్ మీద దిండు పెట్టుకుని అరగంట పడుకుంటారు, ఆ టైంలో మాట్లాడకూడదు, ఫోన్ మోగకూడదు. సాయంత్రం బబుల్ టీ ఆర్డర్ తిరుగుతుంది, చక్కెర ఎంత, ఐస్ ఎంత అని ఎవరి లెక్క వాళ్లది.

నన్ను బాగా ఆకట్టుకున్నది సర్వర్ రూమ్. ప్రతి ర్యాక్ మీద ఒక ఆకుపచ్చ చిప్స్ ప్యాకెట్, క్వాయ్ క్వాయ్ అని కొబ్బరి రుచి స్నాక్. ఆ పేరుకి బుద్ధిగా ఉండు అని అర్థం కాబట్టి మిషన్లు బుద్ధిగా పనిచేస్తాయని నమ్మకం, ఆకుపచ్చదే పెట్టాలి, దాన్ని తినకూడదు, ఎక్స్‌పైరీ డేట్ దాటితే మార్చాలి. దసరాకి మా నాన్న వర్క్‌షాప్‌లో లేత్ మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టడం గుర్తొచ్చింది, అదే భక్తి, అదే జాగ్రత్త. ఆగస్టులో వాళ్ల చాంద్రమానం ఏడో నెల, చనిపోయినవాళ్ల ఆత్మలు తిరిగొచ్చే నెలంటారు, మా ఆఫీసు ముందు టేబుల్ వేసి పళ్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు పరిచి అగరొత్తులు వెలిగించారు, మేనేజర్ నుంచి ఇంటర్న్‌ల దాకా అందరం వరుసగా దండం పెట్టాం. నన్ను రమ్మని పిలిచి నా చేతికి కూడా అగరొత్తులు ఇచ్చారు, ఆ మర్యాద నేను మర్చిపోను.

గుళ్లలో లాంగ్‌షాన్ గుడికి అందరూ వెళ్తారు, వెళ్లాలి కూడా. 1738లో మొదలైంది, 1945 బాంబు దాడిలో మెయిన్ హాల్ పోయినా గ్వాన్‌యిన్ విగ్రహం నిలబడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు, మన అవలోకితేశ్వరుడే అక్కడ అమ్మవారి రూపంలో ఉన్న గ్వాన్‌యిన్. నెలవంక ఆకారంలో రెండు చెక్క ముక్కలు నేల మీద వేసి దేవుణ్ణి అడుగుతారు, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే ఔనని. అయితే నా మనసుకి దగ్గరైంది షింగ్‌టియెన్ గుడి. అక్కడ హుండీ లేదు, 2014 నుంచి భక్తులు అగరొత్తులు వెలిగించడం కూడా ఆపేశారు, ఊరికే చేతులు జోడించి నిలబడటమే. నీలం అంగీలు వేసుకున్న వాలంటీర్ ఆంటీలు వరుసలో వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ నిలబెట్టి, జడుసుకున్న పిల్లలకీ, మనసు బాగోని పెద్దలకీ ముందూ వెనకా చెయ్యి తిప్పుతూ మంత్రం చదువుతారు, పైసా తీసుకోరు. నేనూ నిలబడ్డా. ఆమె నా భుజం తట్టి ఏదో అంది, భాష తెలీకపోయినా ధైర్యం చెప్పిందని తెలిసిపోయింది.

డబ్బులు పెట్టి చూసేవాటిలో నేషనల్ ప్యాలెస్ మ్యూజియం 350 డాలర్లకి పూర్తిగా న్యాయం చేస్తుంది, సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున్నే తెరిచే వేళకి వెళ్లండి, టూర్ బస్సులొచ్చాక పచ్చరాతిలో చెక్కిన క్యాబేజీ ముందు నిలబడే చోటుండదు. నేను మాత్రం పింగాణీ గదుల్లోనే ఎక్కువసేపు ఉన్నా. తైపీ 101 ఎత్తు 508 మీటర్లు, 2004 నుంచి బుర్జ్ ఖలీఫా వచ్చేదాకా ప్రపంచంలో అదే పొడవైన భవనం. పైకి టికెట్ స్టైపెండ్‌కి బరువే. ఊరి వ్యూ కోసమైతే వద్దంటా, షియాంగ్‌షాన్ స్టేషన్లో దిగి ఏనుగు కొండ మెట్లెక్కితే ఆ భవనంతో సహా ఊరంతా ఉచితంగా కనబడుతుంది. కానీ మెకానికల్, సివిల్ వాళ్లు తప్పకుండా ఎక్కండి, గాలికి భవనం ఊగకుండా లోపల వేలాడదీసిన 660 టన్నుల గోళం కళ్లెదురుగా ఉంటుంది, 2015 సౌడెలోర్ తుఫానులో అది మీటరు దాకా ఊగింది, క్లాసులో చదివిన డ్యాంపింగ్ అక్కడ నిలబడితే ఒంటికి ఎక్కుతుంది.

తుఫాను అంటే గుర్తొచ్చింది, జులై 24, 25న గేమీ తుఫానుకి ఆఫీసులు, స్కూళ్లు బంద్. ముందురోజు రాత్రే సిటీ ప్రభుత్వం ప్రకటించేస్తుంది, ఎవరికి వాళ్లు నూడుల్స్, నీళ్లు కొని పెట్టుకుంటారు, మా వీధిలో కన్వీనియన్స్ స్టోర్ మాత్రం తెరిచే ఉంది. ఈ స్టోర్లు అక్కడి జీవనాధారం, సెవెన్ ఎలెవెన్, ఫ్యామిలీ మార్ట్ ఏదో ఒకటి రెండు వీధులకొకటి ఉంటుంది, ప్రింటవుట్లు, బిల్లులు, పార్సిళ్లు, రైలు టికెట్లు అన్నీ అక్కడే అయిపోతాయి. బిల్లు రసీదు పారేయకండి, దాని మీద లాటరీ నంబర్ ఉంటుంది, రెండు నెలలకోసారి డ్రా తీస్తారు. చెత్త బండి పియానో ట్యూన్ వేసుకుంటూ వస్తుంది, జనం సంచులు పట్టుకుని వీధిలో నిలబడతారు, మున్సిపాలిటీ నీలం సంచి కొంటేనే చెత్త తీసుకుంటారు కాబట్టి ఎవరి ఇంట్లోనూ చెత్త ఎక్కువ పుట్టదు, మన ఊళ్లకి ఈ పద్ధతి రావాలని గట్టిగా కోరుకుంటున్నా.

శని ఆదివారాలకి బెయ్‌టౌ నా మొదటి ఛాయిస్, మెట్రోలోనే పోవచ్చు, చెక్కతో కట్టిన లైబ్రరీ ఉచితం, పక్కనే పొగలు కక్కే వేడినీటి మడుగు. పబ్లిక్ స్నానాల కొలనుకి స్విమ్ సూట్ తప్పనిసరి. మావోకాంగ్ కేబుల్ కార్ ఎక్కి పైన టీ తాగుతూ కూర్చుంటే సాయంత్రం హాయిగా గడుస్తుంది, ఉరుములు మెరుపులుంటే ఆపేస్తారు, వెదర్ చూసుకుని వెళ్లండి. కొండ మీద ఉండే పాత ఊరు జియుఫెన్ మాత్రం వీకెండ్ వద్దు, ఆ సన్నటి మెట్ల వీధిలో మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడవు, మామూలు రోజు రుయ్‌ఫాంగ్ దాకా లోకల్ రైల్లో పోయి బస్సెక్కితే చీకటి పడే వేళకి ఎర్ర దీపాలు ప్రశాంతంగా చూడొచ్చు. షిఫెన్‌లో ఆకాశ దీపాలు వదలడం ఫొటోలకి బాగుంటుంది, కానీ ఆ కాగితం, తీగలు అడవిలో పడుతున్నాయి, నేను వదల్లేదు.

మీ ఇంటర్న్‌షిప్ తైపీలో కాకుండా సిన్‌చూలో వచ్చినా వదులుకోవద్దు, పెద్ద పెద్ద చిప్ కంపెనీలున్న సైన్స్ పార్క్ 1980 నుంచి అక్కడే ఉంది, హైస్పీడ్ రైల్లో తైపీకి అరగంట పైచిలుకు. అక్కడ మెట్రో లేదు, గాలి ఎక్కువ, హైస్పీడ్ స్టేషన్ ఊరికి కాస్త దూరం, కాబట్టి రూమ్ క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో చూసుకోండి, తైపీ వీకెండ్స్‌కి చవగ్గా రావాలంటే లోకల్ రైలెక్కండి.