ప్లాంట్ హైదరాబాద్‌కి పోతోంది: వెంట పోవాలా, రాజీనామా ఇవ్వాలా, పరిహారం అడగాలా?

మా బావమరిది కర్నూలు కల్లూరు ఎస్టేట్‌లో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో మిషన్ ఆపరేటర్, 11 ఏళ్ల సర్వీసు. పోయిన నెల హెచ్ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, యూనిట్‌ని హైదరాబాద్ అవతలికి మారుస్తున్నాం, వారంలో చెప్పండి అని ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో రెండే గళ్లు. ఒకటి "బదిలీకి ఒప్పుకుంటున్నాను", రెండోది "సొంత ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను". మూడో గడి లేదు. నా గొడవంతా ఆ లేని గడి గురించే.

ముందు రాజీనామా సంగతి చూద్దాం, యూనిట్‌లో సగం మంది అటే మొగ్గుతున్నారు, ఎట్లాగూ పోలేం కదా రాసిచ్చేస్తే టెన్షన్ పోతుంది అని. రాసిచ్చేస్తే వచ్చేది గ్రాట్యుటీ, పీఎఫ్. అవి ఎలాగూ మనవే, ఎవరి దయా కాదు. మావాడికి వేతనం కింద లెక్కకొచ్చేది నెలకు 14,000, దాన్ని 26తో భాగించి, 15తో, 11 ఏళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ సుమారు 88,800. అక్కడితో సరి. అదే కంపెనీయే ఉద్యోగం తీసేసిందనుకోండి, ఈ 88,800 కాక ఏడాదికి 15 రోజుల వేతనం (ఇక్కడ 26తో కాదు, నెలలో సగం, అంటే 7,000) చొప్పున 77,000, నెల ముందు నోటీసు ఇవ్వకపోతే దాని బదులు 14,000, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసిన కార్మికులు కొత్త పని నేర్చుకోవడానికని పెట్టిన నిధి) కింద ఇంకో 15 రోజుల వేతనం 7,000. కలిపితే 98,000. "సొంత ఇష్టంతో" అని రాసిచ్చినందుకు పోయే డబ్బు అది! చేతిలో వేరే ఉద్యోగం ఖాయంగా ఉంటే తప్ప ఆ గడి ముట్టుకోవద్దనే నేనంటాను.

ఇక వెంట పోవడం. సర్వీసు తెగదు, పీఎఫ్ ఖాతా అదే, జీతం ఆగదు, ఇవన్నీ నిజమే. కానీ రెండొందల కిలోమీటర్లు రోజూ తిరిగేది కాదు, అక్కడ రూము అద్దె, వారానికోసారి తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో రాకపోకలు, పిల్లల బడి ఇక్కడే. 1956లో రాజధానే ఇక్కడి నుంచి హైదరాబాద్‌కి పోయింది, ఫైళ్లతో పాటు గుమాస్తాలూ సర్దుకున్నారు, కర్నూలుకి ఇది కొత్తేం కాదులే అని మా మామ నవ్వుతాడు. నవ్వొచ్చు గానీ, ప్రైవేటు కంపెనీ ఇల్లు మార్చే ఖర్చు దానంతట అది ఇవ్వదు, మనం అడిగి రాయించుకోవాలి. పాత సర్వీసు కలుస్తుందనీ, హోదా మారదనీ కూడా అదే కాగితంలో ఉండాలి. హోదా మాట ఎందుకంటే, మధ్యప్రదేశ్‌లోని దేవాస్ నుంచి 900 కిలోమీటర్ల దూరంలో రాజస్థాన్‌లోని చోపాంకీకి బదిలీ అయిన కార్మికుల కేసులో 2021లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. అక్కడికి పోతే వాళ్లు కార్మికుల లెక్కలోంచి సూపర్‌వైజర్ల లెక్కలోకి మారిపోతారన్నది అందులో పెద్ద పాయింటు.

మూడోది, కాగితంలో లేనిది: నేను రాజీనామా ఇవ్వను, రాలేను, చట్టప్రకారం పరిహారం ఇచ్చి పంపండి అనడం. ఇది నిలబడేదీ పడేదీ అపాయింట్‌మెంట్ లెటర్ మీదే. "దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు" అని అందులో ఉంటే, రానంటే క్రమశిక్షణ చర్య పెడతారు, పరిహారం అటుంచి ఉద్యోగమే చిక్కుల్లో పడుతుంది. అట్లాంటివాళ్లు "నా హక్కులు వదులుకోకుండా చేరుతున్నాను" అని రాసిచ్చి చేరి, అక్కడి నుంచే కార్మిక శాఖకు అర్జీ పెట్టుకోవడం మేలు. ఆ మాటే లేకపోతే లెక్క వేరు. ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహా చక్కెర మిల్లు వాళ్లు తర్వాత బులంద్‌షహర్‌లో పెట్టిన మిల్లుకి కార్మికులను పంపబోతే, ఒప్పందంలో లేని హక్కు యజమానికి లేదని 1960లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒక చిక్కు, 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు కోడ్‌లో "కార్మికుడు" కిందికి రారు, కాబట్టి ఈ దారి అందరిదీ కాదు.

మావాడి లెటర్ బీరువాలో పెళ్లి చీరల కింద దొరికింది, మడతల దగ్గర చిరిగిపోయి. తొమ్మిదో షరతు: "కంపెనీ యూనిట్లలో ఎక్కడైనా." వాడు చేరిన నాటికి కంపెనీకి ఉన్నది కల్లూరు యూనిట్ ఒక్కటే. అంటే వాదించడానికి చోటుంది, గెలుపు ఖాయమని మాత్రం నేను చెప్పను. రెండు గళ్లూ ఖాళీగా వదిలేసి, ఇల్లు మార్చే ఖర్చు, సర్వీసు, హోదా గురించి రాతపూర్వకంగా చెప్పండి, లేదంటే పరిహారం లెక్క చెప్పండి అని ఒక పేజీ రాసి స్పీడ్ పోస్టులో పంపాడు, రసీదు ఫోటో నాకు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే హెచ్ఆర్ నుంచి ఫోన్: "ఇట్లా ఉత్తరాలు రాస్తే ఎట్లా, ముందు ఏదో ఒకటి టిక్ పెట్టండి సార్." పదకొండేళ్లలో వాణ్ని సార్ అనడం అదే మొదటిసారంట.