పాత ఫ్రేమ్‌కి నాచ్ కొట్టాలా, కొత్త చాసిస్ కట్టాలా?

1972 షెవర్లే సీ10 లాంటి పికప్‌ని నేలకి ఆనేంత దించాలంటే ప్రధానంగా రెండు దార్లు, బండి అడుగున ఉన్న ఇనప చట్రాన్నే (ఫ్రేమ్, చాసిస్ అన్నా అదే) కోసి సీ-నాచ్ అనే గాడి పెట్టడం, లేదా బాక్స్ ట్యూబ్ అనే నలుచదరపు ఇనప గొట్టాలతో చాసిస్ కొత్తగా కట్టడం. బెంగళూరు పీణ్యలో మా బావమరిది షెడ్డులో రెండూ దగ్గరుండి చూశా.

నాచ్ తేలిక. వెనక యాక్సిల్ (ఇరుసు) పైకి లేచినప్పుడు తగలకుండా ఫ్రేమ్‌ని అర్ధచంద్రంలా కోసి మందపాటి ప్లేటు వెల్డ్ చేస్తారు. కానీ పాత ఫ్రేమ్ సీ-చానల్, అంటే C అక్షరంలా ఒక వైపు తెరిచే ఉంటది కాబట్టి పెద్ద ఇంజన్ వేసి గట్టిగా తొక్కితే మెలి తిరుగుద్ది.

బాక్స్ ట్యూబ్ నాలుగు వైపులా మూసి ఉంటది, మెలికకి బాగా ఆగుద్ది, అందుకే నాకు అదే ఇష్టం. కష్టమంతా వెల్డింగ్ వేడితోనే, దానికి ఇనుము వంకర పోద్ది. మావాళ్ళు మొదటిసారి ఒకే వైపు వరసగా కొట్టేశారు, చల్లారాక మూల నుంచి మూలకి టేపు పట్టి చూస్తే 6 మిల్లీమీటర్లు తేడా! "బావా, మళ్ళీ కొయ్యాల్సిందే" అన్నాడు వాడు, మొహం మాడిపోయింది. రెండోసారి జిగ్‌కి (కదలకుండా పట్టి ఉంచే చట్రం) బిగించి, ముందు ట్యాక్‌లు (చిన్న చిన్న వెల్డ్ చుక్కలు) వేసి, అటు కొంచెం ఇటు కొంచెం కొడితే కుదిరింది.

ఖర్చు సంగతి సరే, కాగితాలు చూస్కోండి. చాసిస్ నంబర్ పాత ఫ్రేమ్ మీదే ఉంటది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల్ని ఊరికే ఒప్పుకోదు. రోజూ రోడ్డెక్కే బండి అయితే పాత ఫ్రేమ్‌నే ఉంచి, తెరిచిన వైపు ప్లేట్లతో మూసేసి నాచ్ పెట్టించండి, అది కూడా ఆర్టీఓలో అడిగాకే. రేస్ ట్రాక్ మీదే నడిపే బండికైతే కొత్తదే కట్టండి.