డీజిల్ కారు తీసుకుందామనుకునే హనుమకొండ వాళ్లకు

బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. హైదరాబాద్ హైవే ఎక్కితే దీనికి తిరుగులేదు, ఏసీ వేసి ఐదుగురం కూర్చున్నా లాగుడు తగ్గదు, మైలేజీ కూడా బాగుంది. తలనొప్పంతా ఊళ్లోనే. స్కూలు, కాజీపేట స్టేషన్, చౌరస్తా అంటూ చిన్న చిన్న తిరుగుళ్లకు సైలెన్సర్ లైన్లో ఉండే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, సరిగా వేడెక్కదు, మసి కాలదు, మీటర్ మీద లైటు వెలుగుతుంది. అప్పుడు కరీంనగర్ రోడ్డు మీద ఆపకుండా కాసేపు స్పీడుగా తోలాలి. కొందరు మెకానిక్‌లు ఆ ఫిల్టరే పీకేద్దామంటారు. అస్సలు ఒప్పుకోవద్దు, ఆ మసి పోయేది వెనక బండి మీద కూర్చున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకే.

అలాగని పెట్రోల్‌తో ఎవరికీ నష్టం లేదనుకోకండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే మక్కలు, బియ్యం లాంటివాటితో చేసే ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్, ఆ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది. మన మక్కలకు గిరాకీ పెరిగితే రైతుకు మంచిదే, కానీ కోళ్ల దాణాకూ అవే మక్కలు కావాలి, తినే బియ్యం కూడా ఇథనాల్‌కు పోతున్నాయి. ఫ్యాక్టరీ పక్క ఊళ్ల గోస వేరే. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు.

లాంగ్ డ్రైవ్‌లు ఎక్కువుంటేనే డీజిల్ తీసుకోండి. ఊళ్లో తిరగడానికైతే చిన్న పెట్రోల్ కారు చాలు.