జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్: ఐస్ చూద్దామని వెళ్తే

మేముండేది జర్మనీలో, సంక్రాంతి సెలవలకి ఇంటికెళ్ళడం కుదర్లేదు, అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు, సరే నాలుగు రోజులు నెదర్లాండ్స్ చూసొద్దాం అని బయల్దేరాం. కాలువలన్నీ గడ్డకట్టి జనాలు స్కేటింగ్ చేస్తుంటారని నా ఊహ. వెళ్ళి చూస్తే ఏడు డిగ్రీలు, సన్నటి తుంపర, కాలువలో నీళ్ళు, నీళ్ళలో బాతులు. అంతే.

ఐస్ దొరికింది ఎక్కడంటే రైక్స్‌మ్యూజియంలో. హెండ్రిక్ అవెర్‌క్యాంప్ అనే ఆయన 1608 ప్రాంతంలో వేసిన శీతాకాలం బొమ్మ, మీటరుంపావు పైన వెడల్పు చెక్క పలక మీద ఆయిల్ పెయింటింగ్. దూరం నుంచి చూస్తే ఏముంది, తెల్లగా మంచు, చీమల్లా జనం. దగ్గరికెళ్ళాక ఇంక కదల్లేం. ఊరు ఊరంతా ఐస్ మీదే ఉంది, పట్టుబట్టలోళ్ళూ అక్కడే, చిరుగు బట్టలోళ్ళూ అక్కడే, ఒకళ్ళు జారి పడ్డారు, ఒకళ్ళు కర్రతో బంతి కొడుతున్నారు, ఒకాయన ఏకంగా ఒంటేలుకి నిలబడ్డాడు. ఎడమ వైపు కింద పాత తలుపుని పుల్లతో నిలబెట్టి పెట్టిన పిట్టల బోను ఉంది, అది కనిపెట్టింది అత్తయ్యగారే, "మా చిన్నప్పుడు గంప బోర్లించి ఇట్లానే పట్టేవాళ్ళు" అన్నారు. ఆ పక్కనే చచ్చిన పశువు కళేబరాన్ని కుక్క పీక్కు తింటోంది. 1607-08 చలికాలం యూరప్‌లో మహా ఘోరమైనదట, సరదా పక్కనే ఆ కళేబరం పెట్టడం ఊరికే కాదనిపించింది నాకు. ఇంకోటి, ఆయన మూగవాడు. నోరు లేనాయన బొమ్మలో ఇంత గోల.

టికెట్ ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో తీసుకోండి, పద్దెనిమిది లోపు పిల్లలకి ఫ్రీ. పొద్దున తొమ్మిదికే వెళ్తే ఈ బొమ్మ ముందు ఎవరూ ఉండరు, అందరూ రెంబ్రాంట్ అనే పెద్ద చిత్రకారుడి బొమ్మల దగ్గరికి పరిగెడతారు.

హేగ్‌లో మౌరిట్స్‌హౌస్‌లో కూడా ఈయన ఐస్ బొమ్మ ఒకటుంది. చిన్న మ్యూజియం, రెండు గంటల్లో అయిపోతుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే నేనైతే దీనికే ఓటేస్తా.

మూడో రోజు కాంపెన్. అవెర్‌క్యాంప్ పెరిగిందీ పోయిందీ ఆ ఊళ్ళోనే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జ్వోలె అనే ఊరికి ట్రైన్‌లో గంట పైన, అక్కడ్నుంచి చిన్న ట్రైన్‌లో పది నిమిషాలు. జ్వోలెలో ట్రైన్ కంపెనీ మారుతుంది, కార్డ్ ఒకచోట ట్యాప్ అవుట్ చేసి మళ్ళీ ట్యాప్ ఇన్ చెయ్యాలి, నేను మర్చిపోయా. ఒక్కో మనిషికి ఒక్కో కార్డ్ కావాలి, అదీ గుర్తుపెట్టుకోండి. స్టేషన్ నుంచి ఐసెల్ నది వంతెన మీద నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్తుంటే ఎదురుగా పాత కోట ద్వారం, చర్చి గోపురాలు, చాలా బాగుంది. కానీ బొమ్మల కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు, ఊరు కోసం వెళ్ళండి.

బస సంగతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ పక్కన పాత ఇల్లు ముచ్చటపడి బుక్ చేశా, లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా నిట్టనిలువు, మూడో అంతస్తు. సూట్‌కేసులు నేను మోశా, అత్తయ్యగారు కూర్చుని కూర్చుని ఎక్కారు, మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. తర్వాతి రాత్రులు జ్వోలె స్టేషన్ దగ్గర, దాదాపు సగం రేటు, లిఫ్ట్ ఉంది, ప్రశాంతం.

తిండిలో ఒక జాగ్రత్త, చలికాలంలో అమ్మే పచ్చ బఠాణీ సూప్ చూడ్డానికి పప్పులా ఉంటుంది గానీ మామూలుగా అందులో పంది మాంసం వేస్తారు. అత్తయ్యగారు స్పూన్ ముంచబోయే ముందు అడిగాం కాబట్టి సరిపోయింది.

చివరి రోజు మళ్ళీ ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి యాప్ ఈడెన్ అనే ఐస్ స్కేటింగ్ రింక్‌కి వెళ్ళాం. 1961లో కట్టిన 400 మీటర్ల ట్రాక్, స్కేట్లు అద్దెకిస్తారు. నేను గోడ పట్టుకుని పాక్కుంటూ వెళ్తుంటే డెబ్బై ఏళ్ళ తాతగారు చేతులు వెనక్కి కట్టుకుని రయ్యిమని దాటిపోయారు, అచ్చం బొమ్మలో మనిషే. ఆయన రెండో రౌండ్‌లో ఆగి చెప్పారు, నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళు చుట్టే 200 కిలోమీటర్ల స్కేటింగ్ పందెం ఆఖరిసారి జరిగింది 1997 జనవరిలో అని. దారంతా 15 సెంటీమీటర్ల మందం ఐస్ ఉంటేనే పెడతారంట, అప్పట్నుంచీ అంత ఐస్ పట్టనే లేదు. ఎప్పుడైనా పందెం ఉందని వార్త వచ్చిందా, ఆఫీసుకి లీవ్ కొట్టి ఆ రాత్రే కారెక్కుతా. లిఫ్ట్ ఉన్న హోటల్ చూస్తేనే వస్తానని మా ఆవిడ ఇప్పుడే చెప్పేసింది.