బండి వైరు అతుకు: టేపా, సోల్డరింగా, క్రింపింగా?
దేవరకొండ నుంచి నల్లగొండ దాకా చీకట్లో బండి నడిపేటోళ్లకు ఎక్స్‌ట్రా లైటు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. నేనూ 60 వాట్ల బల్బు పెట్టించుకున్నా. ఇంట్లో మిగిలిన సర్వీసు వైరు ముక్క లాగి, మెలేసి, నల్ల టేపు చుట్టి పంపించిండ్రు. మే నెల ఎండకు టేపు జిగురు కారి ఊడొచ్చింది. గుంత తగిలినప్పుడల్లా లైటు కన్ను కొట్టుడే.

అసలు తప్పు వైరు దగ్గరే. సర్వీసు వైరు అల్యూమినియం కమ్మి. బండి అదురుకు, హ్యాండిల్ తిప్పుళ్లకు విరుగుతుంది. రాగితో కలిపి మెలేస్తే, తడి తగిలిన చోట అల్యూమినియం తినేస్తుంది. బండికి సన్న పోగుల రాగి వైరే కావాలి. ఇంటికి వాడే ఒకటిన్నర ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరులో సాధారణంగా 22 పోగులుంటాయి. పైతోలు కాస్త మందమే గానీ పనికొస్తుంది. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంప్స్. రానూ పోనూ నాలుగు మీటర్ల వైరుంటే అర ఎంఎంలో ముప్పావు వోల్టు దాకా దారిలోనే పోతుంది, ఒకటిన్నరలో పావు వోల్టే. కొనేముందు పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం.

ఇక అతుకు. మెలేసి టేపు చుట్టడం దారిలో ఆగిపోతే ఇల్లు చేరేదాకే. సోల్డరింగ్ చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కరెంటూ బాగా పారుతుంది. కానీ సీసం పోగుల వెంట లోపలికి పాకి వైరును కడ్డీలా చేస్తుంది. అదురుకు సరిగ్గా ఆ కడ్డీ ఆగిన చోటే తెగుతుంది. యాసిడ్ పేస్టు వాడితే నాలుగు వానలకు పచ్చగా చిలుము పడుతుంది. కదలని చోట, రోజిన్ (చెట్టు బంక) పేస్టుతో చేస్తే నాకు అభ్యంతరం లేదు.

క్రింపింగ్‌కే నా ఓటు. వైరు మందానికి సరిపోయే లగ్గులో, అంటే చిన్న లోహపు గొట్టంలో, పోగులు దూర్చి క్రింపింగ్ ప్లేయరుతో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లేయరుతో చితక్కొడితే అది క్రింపింగ్ కాదు, లాగితే ఊడొస్తుంది. దాని పైన హీట్ ష్రింక్ స్లీవు, అంటే వేడి తగిలితే ముడుచుకుని బిగిసే, లోపల జిగురుండే గొట్టం. అది ముందే వైరుకు ఎక్కించాలి. నేను రెండుసార్లు మర్చిపోయి అతుకంతా కోసి మళ్లీ చేసిన.

ఇప్పుడు అతుకు హ్యాండిల్ మెడ దగ్గర లేదు, ట్యాంకు కింద కదలకుండా కట్టిన. బ్యాటరీ పక్కనే 10 ఆంప్స్ ఫ్యూజు.