ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీల కేటగిరీలు: రెండింట్లో పిల్లాణ్ని ఆడించిన తండ్రి సమీక్ష

ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులు పిల్లల్ని తయారుచేసే శిక్షణ విభాగాన్ని అకాడమీ అంటారు. మావాడు అండర్-9లో ఒక కేటగిరీ 3 అకాడమీలో చేరాడు. అండర్-12 అయ్యాక కేటగిరీ 1 అకాడమీకి మారి, అండర్-16 చివర బయటికొచ్చాడు. రెండు క్లబ్బుల పేర్లూ రాయను. ఎందుకంటే ఇది ఒక క్లబ్బు మీద రాస్తున్న రివ్యూ కాదు, ఆ గ్రేడింగ్ పద్ధతితో ఇన్నేళ్లు గడిపిన మా ఇంటి అనుభవం. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు పిల్లాడి కోసం స్కౌట్ (క్లబ్బు తరఫున ఆటగాళ్లను వెతికేవాడు) ఫోన్ చేశాడనగానే నన్ను అడిగే మొదటి మాట, "అది ఏ కేటగిరీ అండీ?" కేటగిరీ అనేది క్లబ్బుకు వేసిన గ్రేడు. క్లబ్బు దగ్గర ఏమేం ఉన్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. మీ పిల్లాడి మీద ఎవరు ఎంత శ్రద్ధ పెడతారో తెలియాలంటే మాత్రం మీరే వెళ్లి చూసుకోవాలి.

ఈ పద్ధతి 2012లో అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ తెచ్చిన ఎలీట్ ప్లేయర్ పెర్ఫార్మెన్స్ ప్లాన్‌తో మొదలైంది. అందరూ ఈపీపీపీ అంటారు. అకాడమీలు 1 నుంచి 4 దాకా నాలుగు కేటగిరీలు. 1 అన్నిటికన్నా పైది. మొదట్లో డబుల్ పాస్ అనే బెల్జియం సంస్థ వచ్చి ఆడిట్ చేసేది. కోచ్‌లు ఎంతమంది, వాళ్ల లైసెన్సులేంటి, మైదానాలు, ఇండోర్ పిచ్, ఫిజియోలు, పిల్లల చదువు ఎవరు చూస్తున్నారు, చివరికి ఎంతమంది ప్రొఫెషనల్స్ అయ్యారు, ఇవన్నీ చూస్తారు. వచ్చిన గ్రేడును బట్టి క్లబ్బుకు అందే డబ్బు, ఎవరితో మ్యాచ్‌లు ఆడతారన్నది మారిపోతాయి. కేటగిరీ 4 సంగతి వేరు. అక్కడ చిన్నపిల్లలు ఉండరు, పదహారు దాటినవాళ్లనే తీసుకుంటారు.

అండర్-9 నుంచి అండర్-11 దాకా ఫౌండేషన్ ఫేజ్ అంటారు. ఈ దశలో కేటగిరీ 3కి పెట్టిన ప్రమాణం వారానికి 3 గంటల కోచింగ్. కేటగిరీ 1లో అది 4తో మొదలై 8 దాకా పోతుంది. కాగితం మీద చూస్తే కేటగిరీ 1దే పైచేయి. కానీ మా చిన్న క్లబ్బులో ఒకే కోచ్ వరుసగా మూడు సీజన్లు ఆ బ్యాచ్‌తోనే ఉన్నాడు. మావాడు బంతి అందుకునే ముందు వెనక్కి చూసుకోడని ఆయనకు తెలుసు. ప్రతి ప్రాక్టీసులో ఆ ఒక్కదాని మీదే పనిచేయించేవాడు. బంతి దారిలో ఉండగానే "భుజం మీదుగా చూడు" అనేవాడు. రెండో సీజన్‌కి ఆ మాట అనాల్సిన పని లేకుండా పోయింది. తర్వాత వెళ్లిన పెద్ద అకాడమీలో మావాడి వయసు గ్రూపుకి కోచ్‌లు తరచూ మారారు. వచ్చినవాళ్లంతా సమర్థులే, మంచి లైసెన్సులున్నవాళ్లే. కాకపోతే ప్రతి కొత్త కోచ్‌కీ పిల్లాడు మళ్లీ మొదటి నుంచి అర్థం కావాలి. పదేళ్ల లోపు పిల్లాడికి ఎక్కువ గంటలకన్నా తనని ఎరిగిన కోచ్ ఉండటమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

రెండు చోట్లా నాకు నచ్చింది రివ్యూలు. అండర్-11 దాకా పన్నెండు వారాలకోసారి, ఆ పైన ఆరు వారాలకోసారి పిల్లాడి పురోగతిని చూస్తారు. టెక్నికల్, టాక్టికల్, ఫిజికల్, మానసిక అంశాలకు విడివిడిగా వ్యాఖ్యలుంటాయి. అన్ని రివ్యూల్లోనూ "బాగా కష్టపడుతున్నాడు" అన్న వాక్యమే కనిపిస్తే అక్కడ ఎవరూ సరిగ్గా చూడట్లేదని అర్థం. మంచి కోచ్ రాసింది చదివితే వీడియో చూసినట్టే ఉంటుంది: ఎడమ కాలితో మొదటి టచ్ ఎటు పోతోంది, బంతి పోగొట్టుకున్నాక ఎన్ని సెకన్లు నిలబడిపోతున్నాడు, ఇలా.

ఇక కేటగిరీ 1లో చేరాక నిజంగా తేడా కనిపించింది ఫిజియో గదిలో. పదమూడో ఏట మావాడు ఒక్కసారిగా పొడుగయ్యాడు. మోకాలి చిప్ప కింద, ఎముక కాస్త ఉబ్బెత్తుగా ఉండే చోట నొప్పి మొదలైంది. ఎదిగే పిల్లల్లో, అందులోనూ పరుగులు, గెంతులు ఎక్కువ ఉండే ఆటల్లో ఇది మామూలే. ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. అక్కడ పిల్లల ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు క్రమం తప్పకుండా కొలుస్తారు. చేరిన వారంలోనే నా ఎత్తు, మా ఆవిడ ఎత్తు అడిగి రాసుకున్నారు. పెద్దయ్యాక ఎంత పొడుగవుతాడో అంచనా వేసి, ఇప్పుడు అందులో ఎన్నో శాతంలో ఉన్నాడో చూస్తారు. నొప్పి సంగతి మేం చెప్పేలోపే ఫిజియో గ్రాఫు తీసి, పెరుగుదల వేగం ఇక్కడ పెరిగింది, ఇప్పటినుంచి గెంతులు, స్ప్రింట్లు తగ్గిస్తున్నాం అని చూపించింది. ఆట పూర్తిగా మాన్పించలేదు. పాసింగ్, బంతి నియంత్రణ కొనసాగించి, బరువు పడేవి మాత్రమే ఆపారు. చిన్న క్లబ్బులో ఇంత వివరంగా చూసే మనుషులు లేరు. గ్రేడుకు విలువ ఉందని నాకు అనిపించింది ఇక్కడే.

ఆ కొలతలు ఇంకోదానికీ పనికొస్తాయి. ఇంగ్లండ్‌లో వయసు గ్రూపుకి కటాఫ్ సెప్టెంబరు 1. సెప్టెంబరులో పుట్టినవాడూ, తర్వాతి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే జట్టు. పన్నెండేళ్ల వయసులో ఆ ఏడాది తేడా చాలా పెద్దది. అందుకే అకాడమీల్లో ఏటా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. మావాడు జూలైలో పుట్టాడు. దీనికి విరుగుడుగా బయో-బ్యాండింగ్ అని పెట్టారు: వయసును పక్కనబెట్టి, పెద్దయ్యాక వచ్చే ఎత్తులో ఇప్పుడు ఎంత శాతంలో ఉన్నారో దాన్నిబట్టి జట్లు చేసి ఆడిస్తారు. అలాంటి మ్యాచ్‌లో మావాడు మొదటిసారి బంతి పట్టుకుని ధైర్యంగా తిరగడం చూశాను. మీద పడి తోసేసేవాడు లేకపోయేసరికి వాడి అసలు ఆట బయటికొచ్చింది. ఎప్పుడూ కండబలంతో నెగ్గుకొచ్చే పిల్లలకు అదే మ్యాచ్ పరీక్ష అయింది. ఇలాంటివి ఇంకా ఎక్కువ జరగాలి.

ప్రయాణం మాత్రం ఇంటిల్లిపాదినీ అలసగొడుతుంది. మావాడు ఆడిన రోజుల్లో అండర్-11 దాకా ఇంటినుంచి గంట లోపు దూరం, ఆ పైన గంటన్నర అని నిబంధన ఉండేది. గంటన్నర అంటే ఒక వైపుకే. మా చిన్నమ్మాయి హోంవర్క్ చాలాసార్లు కారు వెనక సీట్లోనే అయింది. చదువు విషయంలో పెద్ద అకాడమీని మెచ్చుకోవాలి. వారంలో ఒక మధ్యాహ్నం స్కూలు మానాల్సి వచ్చేది. ఆ పాఠాలు చెప్పడానికి శిక్షణ కేంద్రంలోనే టీచరు ఉండేది, మార్కులు తగ్గితే మాకన్నా ముందు ఆవిడకే తెలిసేది.

డబ్బు లెక్క కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పిల్లాడు క్లబ్బు మారితే కొత్త క్లబ్బు పాతదానికి పరిహారం కట్టాలి. 2012లో పెట్టిన రేటు ప్రకారం అండర్-9 నుంచి అండర్-11 దాకా ఏడాదికి 3,000 పౌండ్లు. అండర్-12 నుంచి అండర్-16 దాకా కేటగిరీ 1కి ఏడాదికి 40,000, కేటగిరీ 2కి 25,000, కేటగిరీ 3కి 12,500. అంటే కష్టపడి తయారుచేసిన చిన్న క్లబ్బుకు దక్కేది పెద్ద క్లబ్బుకు దక్కేదానిలో మూడో వంతు కూడా కాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. లండన్ క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్ 2016లో తన అకాడమీనే మూసేసింది; మంచి పిల్లల్ని పెద్ద క్లబ్బులు కొద్దిపాటి డబ్బుకే పట్టుకుపోతుంటే నడపడం దండగ అనుకుంది. ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చాక 2022లో మళ్లీ తెరిచింది.

ఫలితాలు రాలేదని ఎవరూ అనలేరు. 2017లో ఇంగ్లండ్ అండర్-20, అండర్-17 ప్రపంచ కప్పులు రెండూ గెలిచింది. రెండోదాని ఫైనల్ కోల్‌కతాలో జరిగింది. స్పెయిన్ రెండు గోల్స్ ముందున్నా 5-2తో తిప్పేశారు. టోర్నీలో ఉత్తమ ఆటగాడు మాంచెస్టర్ సిటీ అకాడమీ పిల్లాడు ఫిల్ ఫోడెన్. మరోపక్క, తర్వాత ఇంగ్లండ్ జట్టు స్టార్లైన ఇద్దరిని, హ్యారీ కేన్‌ను ఆర్సెనల్, పద్నాలుగో ఏట డెక్లన్ రైస్‌ను చెల్సీ, చిన్నప్పుడే వదిలేసుకున్నాయి. పిల్లల ఆటను అంచనా వేయడం అంత కష్టం.

మావాణ్ని వదిలేసిన పద్ధతి మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. ఎత్తు, బరువు, నిద్ర, మార్కులు అన్నీ పట్టికల్లో రాసుకున్న అకాడమీ, స్కాలర్‌షిప్ (పదహారు తర్వాత క్లబ్బులో కొనసాగేందుకు ఇచ్చే ఒప్పందం) ఇవ్వడం లేదని నాలుగు నిమిషాల మీటింగ్‌లో చెప్పేసింది. కారణం అడిగితే "ఆ పొజిషన్‌లో ఇంకొకరున్నారు" అన్నారు. తర్వాత ఒక ఫోన్, ఒక ఈమెయిల్, అంతే. ఏళ్ల తరబడి సాయంత్రాలన్నీ ఆ క్లబ్బు బ్యాడ్జీతో గడిపిన పిల్లాడు చాలా రోజులు బూట్లు ముట్టలేదు. వాడికి ఫోన్ చేసి, తనకు తెలిసిన ఒక నాన్-లీగ్ (పెద్ద ప్రొఫెషనల్ లీగుల కింది స్థాయి) జట్టుకి పంపింది పాత కేటగిరీ 3 కోచ్. ఇప్పుడు అక్కడే ఆడుతున్నాడు, కాలేజీ కూడా నడుస్తోంది.

మీ పిల్లాడికి పిలుపొస్తే కేటగిరీ అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇవి కూడా అడగండి: ఈ వయసు గ్రూపు కోచ్ ఇక్కడ ఎంతకాలంగా ఉన్నాడు? పేరు తీసేసిన పాత రివ్యూ ఒకటి చూపిస్తారా? అండర్-9లో చేరినవాళ్లలో అండర్-16కి ఎంతమంది మిగిలారు? మిగతావాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు మా పెద్ద అకాడమీలో జవాబు దొరకలేదు. ఆడిట్‌కి వచ్చేవాళ్లు క్లబ్బు వదిలేసిన పిల్లల తల్లిదండ్రులతో కూడా కూర్చుని మాట్లాడాలి. వాళ్లు చెప్పినదానికి ఇండోర్ పిచ్‌తో సమానంగా మార్కులు వేసి, ఆ తర్వాతే కేటగిరీ నిర్ణయించాలి.